హార్డ్ డిస్క్ వేడెక్కుతోందా? మీ ఫ్యాన్ ఎవరి మాట వింటోందో ముందు చూడండి

ఏప్రిల్ వచ్చిందంటే చాలు, నా బల్ల మీదికి ఒకే రకం కేసులు వస్తాయి. "డిస్క్ కాలిపోతోందండీ, ఇంకో ఫ్యాన్ పెట్టండి" అంటారు. ఎంత ఉంది అని అడిగితే అంకె చెప్పరు, చెయ్యి పెట్టి చూశామంటారు. 50 డిగ్రీల ఇనుము ఎవరి చేతికైనా చురుక్కుమంటుంది. డిస్క్‌కి మాత్రం అది తయారీదారు చెప్పిన హద్దు లోపలే. చేతిని నమ్మి ఫ్యాన్లు కొనకండి. విండోస్‌లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాము వేసుకుంటే అంకె పైనే కనిపిస్తుంది. లైనక్స్ వాళ్లకు స్మార్ట్‌సీటీఎల్ అనే కమాండు ఉంది, వేడి చెప్పే 194 నంబరు వరుస చూడండి.

మామూలు డెస్క్‌టాప్ డిస్క్‌లకు తయారీదారులు రాసే పైహద్దు సాధారణంగా 60 డిగ్రీలు. నాస్‌కి (నెట్‌వర్క్‌లో అందరూ వాడుకునే డిస్క్‌ల డబ్బా), నిఘా కెమెరాలకి చేసిన డిస్క్‌లకు 65 గానీ 70 గానీ ఉంటుంది. నేను పెట్టుకున్న గీతలు ఇంకాస్త కింద ఉంటాయి. 45 వరకు పట్టించుకోను. 50 దాటితే కారణం వెతుకుతాను. 55 దాటితే నడుస్తున్న కాపీ ఆపేసి, కేబినెట్ విప్పుతాను. 2007లో గూగుల్ వాళ్లు లక్షకు పైగా డిస్క్‌లను గమనించి ఒక పరిశోధన పత్రం వేశారు. వేడికీ డిస్క్ చావుకీ అందరూ అనుకున్నంత గట్టి సంబంధం కనిపించలేదని, బాగా ఎక్కువ వేడి దగ్గర, అందులోనూ వయసైన డిస్క్‌లలో మాత్రం తేడా తెలిసిందని అందులో ఉంది. కాబట్టి 43 చూసి నిద్ర పాడు చేసుకోకండి.

ఇంకొకటి. ఫ్యాన్ గదిలో గాలినే లోపలికి తోస్తుంది, దాన్ని చల్లబరచదు. మే నెలలో బెజవాడలో డాబా కింది గది 37 ఉంటే డిస్క్ 35కి రావాలని కోరుకోవడంలో అర్థం లేదు. చూడాల్సింది గదికీ డిస్క్‌కీ మధ్య తేడా. గాలి సరిగ్గా తగిలే డిస్క్ గది కన్నా 8 నుంచి 12 డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. తేడా 20 దాటిందంటే గాలి అందడం లేదు.

ఏ పనీ చేయకపోయినా ఎప్పుడూ వేడిగానే ఉంది

ముందున్న డస్ట్ ఫిల్టరు తీసి వెలుతురుకి పట్టండి. అవతలి వైపు కనిపించకపోతే మీ సమస్య అదే. వందలో సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి. అయినా జనం ఇది వదిలేసి కొత్త ఫ్యాన్ కోసం బజారుకి పోతారు. ఫిల్టరు కడగండి, పూర్తిగా ఆరనివ్వండి, మళ్లీ పెట్టండి, గంటాగి అంకె చూడండి. దయచేసి ఈ ఒక్కటీ చేశాకే మిగతాది చదవండి.

తర్వాత ఫ్యాన్ దిక్కు. నాలుగు కాళ్లు, మధ్యలో స్టిక్కరు కనిపించే వైపు నుంచి గాలి బయటికి వస్తుంది. ముందు ఫ్యాన్‌కి ఆ వైపు డిస్క్‌ల మీదికి ఉండాలి. అనుమానం ఉంటే అగరుబత్తి వెలిగించి ముందు జాలీ దగ్గర పట్టుకోండి. పొగ లోపలికి లాక్కుపోవాలి. అదే బత్తిని డిస్క్‌ల వెనక పట్టుకుంటే పొగ కదలాలి. నిలువుగా పైకే లేస్తుంటే గాలి అక్కడిదాకా రావడం లేదని అర్థం. బూడిద మాత్రం బోర్డు మీద రాలనివ్వకండి.

ఈమధ్య వచ్చే కేబినెట్లలో డిస్క్ కేజ్‌ని, అంటే డిస్క్‌లు బిగించే అరల చట్రాన్ని, అడుగున, ఎస్‌ఎమ్‌పీఎస్ (కరెంటు ఇచ్చే పవర్ సప్లై) పక్కన, మూత కింద దాస్తున్నారు. ముందు అద్దం, లోపల రంగుల లైట్ల ఫ్యాన్లు మూడు. ఆ మూడింటి గాలీ మూత పైనుంచే పోతుంది. అడుగున ఎస్‌ఎమ్‌పీఎస్ వైర్ల చుట్ట, దాని వెనక డిస్క్. అలాంటి చోట ఎన్ని ఫ్యాన్లు చేర్చినా లాభం లేదు. ఫ్యాన్లలో ఒకదాన్ని కిందికి దింపి కేజ్‌కి ఎదురుగా వచ్చేలా బిగించండి, వైర్ల చుట్టను పక్కకి కట్టండి. రెండు డిస్క్‌లుంటే మధ్యలో ఒక అర ఖాళీ వదలండి. 7200 ఆర్‌పీఎమ్ (నిమిషానికి తిరిగే చుట్లు) డిస్క్ ఊరికే తిరుగుతున్నప్పుడు తినేది 5 వాట్లు, గట్టిగా పనిలో ఉంటే 7 నుంచి 9. అంత చిన్న వేడికి తుఫాను గాలి అక్కర్లేదు. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ 700, 800 ఆర్‌పీఎమ్‌తో తిరిగినా సరిపోతుంది. కాకపోతే ఆ గాలి డిస్క్‌ని తాకాలి.

పక్క తలుపు తీసి టేబుల్ ఫ్యాన్ పెట్టడం ఒక్క రాత్రికి పనికొస్తుంది. నెల రోజులు అలాగే ఉంచితే లోపలంతా దుమ్ము పేరుకుంటుంది.

పగలు చూస్తే బాగానే ఉంది, రాత్రి బ్యాకప్‌కి పెడితే 55 దాటుతోంది

నేను దెబ్బతిన్నది ఇక్కడే. అందుకే దీని గురించి నిదానంగా చెప్తాను.

ఒక ఫోటో స్టూడియో ఆయన సిస్టమ్. వైశాఖం ముహూర్తాలు, రోజుకి రెండు మూడు పెళ్లిళ్లు. రాత్రి కార్డులన్నీ ఒక డిస్క్‌లోకి, అందులోంచి ఇంకో డిస్క్‌లోకి కాపీకి పెట్టి, ఏసీ ఆపి, షట్టరు దించి ఇంటికెళ్లేవారు. పొద్దున వచ్చేసరికి కాపీ సగంలో ఆగి ఉండేది. నా దగ్గరికి తెచ్చారు. ఆన్ చేస్తే ముందు ఫ్యాన్ రయ్యిమని తిరిగింది. వీడియో రెండరింగ్ పెట్టి అరగంట చూశాను, ఫ్యాన్ ఇంకా జోరందుకుంది, డిస్క్ 41. ఏమీ లేదండీ అని పంపేశాను. వారానికి మళ్లీ వచ్చింది. ఫ్యాన్ మార్చాను. మళ్లీ వచ్చింది. ఇంకా మంచి ఫ్యాన్ వేశాను. మూడోసారి వచ్చేసరికి ఒక డిస్క్‌లో చదవలేని సెక్టార్లు మొదలయ్యాయి, ఒక పెళ్లి తాలూకు ఫైళ్లు కొన్ని తెరుచుకోలేదు. ఆ కుటుంబానికి ఆయన ఏం చెప్పుకున్నారో తలుచుకుంటే ఇప్పటికీ నాకు బాధే.

అప్పుడు చేశాను మొదటే చేయాల్సిన పని. వేడీ ఫ్యాన్ వేగాలూ చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రాములో లాగింగ్ (అంకెలన్నీ ఫైల్లో రాసుకోవడం) ఆన్ చేసి, ఆయన చేసినట్టే రాత్రి కాపీకి పెట్టి వదిలేశాను. పొద్దున ఫైలు తెరిస్తే రాత్రి రెండింటికి డిస్క్ 57. అదే నిమిషంలో ప్రాసెసర్ 39. ముందు ఫ్యాన్ 380 ఆర్‌పీఎమ్.

సంగతి ఇదీ. మదర్‌బోర్డు మీద ఛాసిస్ ఫ్యాన్ పిన్నులకు తగిలించిన ఫ్యాన్ చాలా బోర్డుల్లో ప్రాసెసర్ వేడిని చూసి తిరుగుతుంది. డిస్క్ ఉన్న సంగతే దానికి తెలియదు. కాపీ జరిగేటప్పుడు కష్టమంతా డిస్క్‌ది. ప్రాసెసర్ మూడు నాలుగు శాతం దగ్గర కునుకు తీస్తుంటుంది. అది చల్లగా ఉంది కదా అని బోర్డు ఫ్యాన్‌ని తగ్గించేస్తుంది, కొన్ని బోర్డుల్లో పూర్తిగా ఆపేస్తుంది. డిస్క్‌కి గాలి కావాల్సిన సమయంలోనే గాలి ఉండదు. మనం పరీక్షించేటప్పుడేమో గేమో రెండరింగో పెడతాం, ప్రాసెసర్ వేడెక్కుతుంది, ఫ్యాన్ పరుగెడుతుంది, డిస్క్ చల్లబడుతుంది. పరీక్షే తప్పును దాచేస్తుంది. పైగా ఆన్ చేసిన మొదటి క్షణాల్లో చాలా బోర్డులు ఫ్యాన్‌ని పూర్తి వేగంతో తిప్పుతాయి. అది చూసి "ఫ్యాన్ బాగానే ఉంది" అనేస్తాం.

ఐదు నిమిషాలు చూసి తేల్చేయడం ఇంకో పొరపాటు. డిస్క్ అంటే అరకిలోకి అటూ ఇటూ ఉండే లోహపు దిమ్మ. మెల్లగా వేడెక్కుతుంది, మెల్లగా చల్లారుతుంది. కనీసం గంట ఆగకుండా వచ్చిన అంకె దేనికీ పనికిరాదు. కాబట్టి పరీక్ష ఇలా చేయండి: వేరే ప్రోగ్రాములన్నీ మూసేసి, రెండు మూడు వందల జీబీ ఒక డిస్క్ నుంచి ఇంకోదానికి కాపీ పెట్టి, గంట తర్వాత డిస్క్ వేడీ ఫ్యాన్ ఆర్‌పీఎమ్మూ రెండూ ఒకేసారి చూడండి. డిస్క్ పెరుగుతూ ఫ్యాన్ పడుకుని ఉంటే దొరికింది మీ దొంగ.

బాగు చేయడానికి పైసా ఖర్చు లేదు. బయోస్‌లోకి, అంటే విండోస్ రాకముందే తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగుల్లోకి, వెళ్లండి. ఆసుస్‌లో క్యూ-ఫ్యాన్, గిగాబైట్‌లో స్మార్ట్ ఫ్యాన్, ఎంఎస్‌ఐలో హార్డ్‌వేర్ మానిటర్ అని ఉంటుంది. డిస్క్‌ల ముందున్న ఫ్యాన్ ఏ పిన్నులకు తగిలిందో చూసి, దాని కనీస వేగాన్ని 60 శాతానికి పెంచండి. ఫ్యాన్ స్టాప్ ఉంటే ఆపేయండి. మూడు పిన్నుల ఫ్యాన్ అయితే వేగం వోల్టేజీతో మారుతుంది. 12 వోల్టుల్లో 30 శాతం అంటే 3.6 వోల్టులు, అంత తక్కువలో చాలా ఫ్యాన్లు కదలనే కదలవు. అందుకే 50 కిందికి పోనివ్వకండి. స్టూడియో సిస్టమ్‌లో నేను చేసింది ఇంతే. అదే కాపీ, అదే మూసిన షట్టరు, 57 కాస్తా 46 అయింది. ఆ రెండు ఫ్యాన్ల డబ్బు ఆయనకు తిరిగిచ్చేశాను.

బయోస్ జోలికి వెళ్లడం ఇష్టం లేకపోతే, మోలెక్స్ కనెక్టరుతో ఫ్యాన్‌ని నేరుగా ఎస్‌ఎమ్‌పీఎస్‌కి తగిలించండి, ఎప్పుడూ పూర్తి వేగంతో తిరుగుతుంది. చప్పుడు ఎక్కువ, గొడవ తక్కువ. చప్పుడు వద్దనుకునేవాళ్లకు విండోస్‌లో ఫ్యాన్‌కంట్రోల్ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. డిస్క్ వేడిని చూసి ఫ్యాన్‌ని నడిపించొచ్చు. ప్రాసెసర్, డిస్క్ రెండింటిలో ఏది ఎక్కువ అడిగితే ఆ వేగం ఇచ్చేలా పెట్టుకోవచ్చు. లైనక్స్‌లో కెర్నల్ 5.6 నుంచి డిస్క్ వేడిని చదివే డ్రైవ్‌టెంప్ మాడ్యూల్ ఉంది, దాన్ని ఫ్యాన్‌కంట్రోల్ స్క్రిప్టుకి (పేరు అదే, విండోస్ ప్రోగ్రాము కాదు) చూపిస్తే చాలు.

ముందు ఫ్యాన్లన్నీ ఒక హబ్‌కి (ఫ్యాన్ల వైర్లన్నీ కలిపే చిన్న పెట్టెకి) పోయి, ఆ హబ్ వైరు సీపీయూ ఫ్యాన్ పిన్నులకు తగిలి ఉన్నా ఇదే కథ. సిస్టమ్ కట్టినవాళ్లు దగ్గరగా ఉందని అక్కడ పెట్టేస్తారు. వైరు వెంట చివరిదాకా చూడండి.

ఫ్యాన్ పెట్టాక గుర్రుమని మోత, డిస్క్ నెమ్మదించింది

ఫ్యాన్ బేరింగు అరిగి వణుకుతోంది, ఆ వణుకు కేజ్ గుండా డిస్క్‌కి పోతోంది. డిస్క్ అడుగున స్క్రూలతో బిగించే రెండు చిన్న ఫ్యాన్ల కూలర్లు తొందరగా ఇలా తయారవుతాయి. వాటిని తీసేసి ముందు పెద్ద ఫ్యాన్ పెట్టండి. మధ్యలో రబ్బరు వాషర్లు వేయండి.

యూఎస్‌బీ డబ్బాలో డిస్క్ వేడి

ప్లాస్టిక్ డబ్బా, లోపల ఫ్యాన్ లేదు. కంపెనీ నిలబెట్టమన్న డబ్బాని నిలబెట్టే ఉంచండి, గుడ్డ కప్పకండి, పెద్ద కాపీ ఉన్నప్పుడు ఎదురుగా చిన్న యూఎస్‌బీ ఫ్యాన్ పెట్టండి. నాస్ డబ్బా అయితే సెట్టింగుల్లో ఫ్యాన్ మోడ్ క్వైట్‌లో ఉందేమో చూసి కూల్‌కి మార్చండి.

అరుదైనవి

అంకె 0 గానీ 120 పైన గానీ చూపిస్తే సెన్సారు తప్పు, లేదా డబ్బాలోని చిప్ సరిగ్గా చదవడం లేదు. ఎస్‌ఎంఆర్ రకం (డేటా గీతలను ఒకదాని మీదికి ఒకటి కాస్త ఎక్కించి రాసే) డిస్క్ కాపీ అయ్యాక కూడా లోపల సర్దుకుంటూ కాసేపు వేడిగా ఉంటుంది, దానిని సర్దుకోనివ్వండి.

వేడి తగ్గింది, కాపీ మాత్రం ఇంకా ఆగుతోంది

స్మార్ట్ పట్టికలో (క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో కింద చూపించే డిస్క్ ఆరోగ్యం లెక్కలు) సీ7 వరుస (స్మార్ట్‌సీటీఎల్‌లో 199) అంకె పెరుగుతుంటే డిస్క్‌ని బోర్డుకి కలిపే సాటా కేబుల్ మార్చండి, అది వేడి సంగతి కాదు. చదవలేకపోయిన సెక్టార్ల లెక్క చెప్పే సీ5లో (స్మార్ట్‌సీటీఎల్‌లో 197) సున్నా కాక వేరే అంకె ఉంటే ఫ్యాన్లూ సెట్టింగులూ పక్కన పెట్టి, ఆ డిస్క్‌లో ఉన్నదంతా ఈ రోజే వేరే డిస్క్‌లోకి తీసుకోండి. ముందు మళ్లీ దొరకని ఫోటోలు, తర్వాత మిగతావి.