పాత అమెరికా వెండి డాలరు చేతికొచ్చిందా? ముందు బరువు, అంచు చూడండి

1794 నుంచి 1803 దాకా తేదీలున్న వెండి డాలర్ల గురించే ఇది. అమెరికాలో ఉండే మనవాళ్ళు ఫ్లీ మార్కెట్లో ఎక్కడో కొని నాకు ఫొటో పంపుతుంటారు, పంపేది ఎప్పుడూ బొమ్మ వైపే. నేను ముందు బరువెంతో చెప్పమని, తర్వాత అంచు ఫొటో పంపమని అడుగుతాను. బొమ్మను ఈ రోజుల్లో ఎవరైనా బాగానే దించేస్తున్నారు, అంచు దగ్గరకొచ్చేసరికి చాలామంది దొరికిపోతారు.

బరువు తక్కువ తూగుతోంది

అసలు తూకం 416 గ్రెయిన్లు, అంటే 26.96 గ్రాములు. చేతులు మారీ మారీ అరిగిన నాణెం కొంత తగ్గుతుంది, దానికి కంగారు పడక్కర్లేదు. ముందు వైపున్న స్త్రీ బొమ్మ జుట్టు పాయలన్నీ స్పష్టంగా కనిపిస్తూ 20 గ్రాములే తూగితే మాత్రం పైన పటారం, లోన లొటారం. అయస్కాంతానికి అంటుకుంటే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు. అంటుకోనంత మాత్రాన వెండి అనుకోకండి, ఇత్తడీ అంటుకోదు.

బరువు సరిగ్గానే ఉంది, అయినా అనుమానం పోవట్లేదు

నగలు తూచే చిన్న కాటా మీద నీళ్ళ గ్లాసు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నటి దారంతో కట్టి, గ్లాసు అడుక్కీ గోడలకీ తగలకుండా పూర్తిగా నీళ్ళలోకి దించి పట్టుకోండి. అప్పుడు కాటా 2.6 గ్రాములకు దగ్గరగా చూపించాలి. 3 చూపించిందంటే లోపల రాగి, నికెల్ లాంటివి ఎక్కువ ఉన్నాయని, ఎందుకంటే వెండికన్నా తేలికైన లోహం అదే బరువుకు ఎక్కువ చోటు తీసుకుంటుంది. అసలు డాలర్లో వెండి దాదాపు 89 శాతం, మిగతాది రాగి.

అంచు నున్నగా ఉంది, లేదా ఇప్పటి నాణేల్లా నిలువు గీతలున్నాయి

నకిలీ. ఆ రోజుల్లో ఫిలడెల్ఫియా టంకశాలలో బొమ్మ కొట్టకముందే, బిళ్ళను వేరే యంత్రంలో దొర్లించి అంచు మీద 'హండ్రెడ్ సెంట్స్ వన్ డాలర్ ఆర్ యూనిట్' అని అక్షరాలు ఎక్కించేవాళ్ళు. అక్షరాలు ఉన్నా అక్కడితో ఆగొద్దు. తెలిసినాయన ఒకరు తెచ్చిన 1799 డాలరు ముఖం చూస్తే నాకే ముచ్చటేసింది, కానీ బొటనవేలి గోరుతో అంచు మీద మెల్లగా రాస్తుంటే మధ్యలో ఏదో తగిలింది, పది రెట్ల భూతద్దంలో చూస్తే వెంట్రుకంత గీత అక్షరాల మీదుగా చుట్టూ తిరిగి వచ్చింది. రెండు ముక్కలు చేసి అతికించారన్న మాట. పోత పోసిన వాటికీ ఇలాంటి అతుకే ఉంటుంది, పైగా బొమ్మ చుట్టూ ఖాళీగా ఉండే చోట సన్నటి గుంటలు, బుడిపెలు కనిపిస్తాయి.

తేదీకీ గద్దకూ పొంతన లేదు

ఇది ఇంట్లో కూర్చుని ఫొటోలోనే పట్టేయొచ్చు. వెనక వైపు చిన్న గద్ద 1798 వరకే ఉంది. ఛాతీ మీద డాలు ఉన్న పెద్ద గద్ద 1798లోనే మొదలైంది. 1796 తేదీతో పెద్ద గద్ద, 1800 తేదీతో చిన్న గద్ద ఉన్నాయా, డబ్బులు తీయకండి.

తేదీ 1804 అని ఉంది

ఆ ఏడాది టంకశాల లెక్కల్లో 19,570 డాలర్లు ఉన్నాయి, కానీ అవి పాత తేదీల అచ్చులతో కొట్టినవే. 1804 తేదీవి మొదటగా కొట్టింది 1834-35లో, సయాం (ఇప్పటి థాయిలాండ్) రాజుకూ మస్కట్ సుల్తానుకూ కానుకలివ్వడానికి. తర్వాత కొట్టినవి కూడా కలిపితే ప్రపంచం మొత్తమ్మీద ఇరవై లోపే. మీకు సంతలో దొరికింది వాటిలో ఒకటి కాదు.

గీతలున్నాయి, ఒక పక్క మసగ్గా ఉంది

ఇక్కడే చాలామంది మంచి నాణేన్ని వదులుకుంటారు. బిళ్ళ బరువు ఎక్కువైతే కొట్టేముందు ఆకురాయితో అరగదీసేవాళ్ళు, ఆ గీతలు పక్కపక్కనే సమాంతరంగా, బొమ్మ కింద అణిగినట్టు కనిపిస్తాయి. తర్వాత పడ్డ గీతలైతే బొమ్మను కోసుకుంటూ పోతాయి. ఇక 1794 డాలర్లు 1,758 మాత్రమే టంకశాల నుంచి బయటికొచ్చాయి, అన్నీ ఒకే అచ్చుల జతతో కొట్టినవి, ఎడమవైపు నక్షత్రాలు, తేదీ మసకబారి ఉండటం వాటి స్వభావం. ఎడమవైపు కూడా గీసినంత స్పష్టంగా ఉన్న 1794 కనిపిస్తే నాకు అప్పుడు టెన్షన్.

పీసీజీఎస్, ఎన్‌జీసీ డబ్బాలో సీలు చేసి ఉంది

ఈ రెండూ నాణేలను పరీక్షించి ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసిచ్చే కంపెనీలు. ఆ డబ్బాలకీ నకిలీలున్నాయి, వాటి మీద నిజమైన నంబరే వేస్తారు. ఆ నంబరును కంపెనీ సైట్లో కొట్టి, అక్కడ ఫొటో ఉంటే మరకలు, గాట్లు మీ నాణెంతో ఒక్కొక్కటే పోల్చండి.

తేలేదాకా చింతపండుతోనో పళ్ళపొడితోనో తోమకండి, గీటురాయి మీద అసలు గీయించకండి, నిజమైనదైతే విలువంతా అక్కడే పోతుంది. బంగారం కొట్లో క్యారెట్ మీటర్లో పెట్టించడం వల్ల నష్టం లేదు గానీ అది పైపొరనే చూస్తుంది, మందంగా వెండి పూత ఉంటే మోసపోతుంది. అన్ని పరీక్షలూ దాటితే ఇన్సూరెన్స్ చేసి ఆ రెండు కంపెనీల్లో ఒకదానికి పంపండి.