మండుటెండకు తాళే కారు దారి: పేవర్ల రకం, రంగు, అమరిక ఎలా ఎంచుకోవాలి?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల మే నెలలో గాలి ఉష్ణోగ్రతే 45 డిగ్రీలను తాకుతుంటే, పొద్దుటి నుంచి ఆ ఎండలో కాలిన నల్లటి రాతి పలక 60 డిగ్రీలు దాటడంలో ఆశ్చర్యం లేదు. మా ఇంటి గేటు నుంచి పోర్టికో వరకు మొదటిసారి పేవర్లు పరిపించినప్పుడు, దుకాణంలో నున్నగా మెరుస్తున్న ఎరుపు, నలుపు దిమ్మెలను చూసి ముచ్చటపడి అవే తెప్పించాను. ఆ వేసవిలోనే మా అమ్మ తులసికోట దాకా చెప్పులు లేకుండా వెళ్లలేక, తడిపిన గోనెసంచులు పరుచుకుని వాటి మీద నడిచింది. అందుకే ఈ వ్యాసంలో చెప్పే ప్రతి మెట్టుకూ ఒకటే గీటురాయి పెట్టుకున్నాను: మే నెల మధ్యాహ్నం మూడు గంటలకు ఆ దారి మీద ఉత్త కాళ్లతో నిలబడగలమా, అదే దారి పదేళ్లపాటు కారు బరువును కదలకుండా మోయగలదా?

1. ముందు స్థలాన్ని చదవండి

కొనడానికి వెళ్లే ముందు ఒక రోజంతా మీ ఆవరణను గమనించి, ఏ భాగం మీద ఎన్ని గంటలు ఎండ పడుతోందో రాసుకోండి. పడమటి ఎండ నేరుగా తగిలే దారికి, ఉదయం మాత్రమే ఎండ ఉండి మధ్యాహ్నానికి ఇంటి నీడ పడే దారికి ఒకే రకం అవసరం ఉండదు. తరువాత మట్టిని చూడండి. వేసవిలో చెయ్యి పట్టేంత నెర్రెలిచ్చే నల్లరేగడి అయితే అది వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది కాబట్టి, పైన ఎంత ఖరీదైన రాయి వేసినా అడుగును బాగు చేయకుంటే రెండు వర్షాకాలాల్లోనే దారి అలలు తేలుతుంది. ఎర్రగరప నేల, మొరం నేల ఉన్నవారికి ఈ బెంగ చాలా తక్కువ.

నీళ్లు ఎటు పోవాలన్నది కూడా ఇప్పుడే తేల్చుకోండి. పది అడుగుల వెడల్పు, ముప్పై అడుగుల పొడవు ఉన్న దారి అంటే సుమారు 28 చదరపు మీటర్లు. దాని మీద 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే 1400 లీటర్ల నీరు వస్తుంది. ఆ నీటిని వీధిలోకి వదిలేయడం కంటే, ఒక పక్కకు వాలు ఇచ్చి ఇంకుడు గుంతలోకి మళ్లించడం మన బోర్లకు ఎంతో మేలు.

2. దేనితో చేసిన పేవరు కావాలో నిర్ణయించుకోండి

మనకు దొరికేవాటిలో కారు దారికి ఎక్కువమందికి సరిపోయేది సిమెంటు కాంక్రీటు పేవరు. అయితే ఇందులో రెండు రకాలు ఉన్నాయన్న సంగతి చాలామందికి తెలియదు. మొదటిది, యంత్రంలో పొడి కాంక్రీటును గట్టిగా నొక్కి తీసేది. దాని ముఖం కొంచెం గరుకుగా, మెరుపు లేకుండా ఉంటుంది. రెండవది, రబ్బరు లేదా ప్లాస్టిక్ అచ్చుల్లో జారుగా ఉన్న కాంక్రీటు పోసి, వైబ్రేటింగ్ టేబుల్ మీద కుదిపి తీసేది. ఇది అద్దంలా నిగనిగలాడుతుంది, రంగు తరచుగా పై పొరకే పరిమితమవుతుంది. వేడి ప్రాంతంలో, అందులోనూ కారు తిరిగే చోట, మొదటి రకమే తీసుకోమని నేను గట్టిగా చెబుతాను. నిగనిగలాడే ముఖం ఎండలో కళ్లు చెదరగొడుతుంది, తొలకరి వానకు జారుతుంది, పైన లక్క పూత ఉంటే అది ఎండకు పొరలు పొరలుగా లేస్తుంది.

రాయి విషయానికి వస్తే, తాండూరు బండ, షాబాదు బండ, బేతంచెర్ల రాయి, కడప నల్లరాయి అన్నీ సున్నపురాతి జాతివే. ఇవి ఇంటి లోపల, వరండాలో పాదానికి హాయిగా ఉంటాయి కాబట్టి బయట కూడా అలాగే ఉంటాయని అనుకుంటారు. కాని 20, 25 మిల్లీమీటర్ల మందం ఉన్న పలక కింద ఎక్కడ చిన్న ఖాళీ మిగిలినా కారు చక్రం ఎక్కినప్పుడు పగులుతుంది. పైగా కడప నల్లరాయి రంగు వల్లనే ఎండను దాదాపు అంతా మింగేస్తుంది. సున్నపురాయి కాబట్టి బాత్‌రూము కడిగే యాసిడ్ తగిలితే ముఖం తినేసినట్టు అవుతుంది. నడిచే బాట వరకు వీటిని వాడుకోవచ్చు. చక్రాలు తిరిగే చోట వద్దు.

గ్రానైటు గట్టిదనానికి తిరుగులేదు. అయితే గ్రానైటు వేడిని కాంక్రీటు కంటే వేగంగా పాదానికి అందిస్తుంది, అంటే రెండూ ఒకే ఉష్ణోగ్రతలో ఉన్నా గ్రానైటే ఎక్కువ చురుక్కుమంటుంది. చీమకుర్తి నల్ల గ్రానైటును మెరుగుపెట్టి దారికి వేయడమంటే వేసవిలో పెనం పరచుకోవడమే. గ్రానైటే కావాలనుకుంటే లేత బూడిద రంగు రాయిని చిన్న చదరపు దిమ్మెలుగా కోయించి, పైముఖాన్ని మంటతో కాల్చి గరుకు చేసిన ఫ్లేమ్డ్ ఫినిష్‌లో తీసుకోండి.

కాల్చిన మట్టి పేవర్లకు ఒక గొప్ప గుణం ఉంది: రంగు పూసింది కాదు, బట్టీలో పుట్టింది కాబట్టి ఎండకు వెలవదు. గోడకట్టే మామూలు ఇటుక మాత్రం చక్రాల కింద నలిగిపోతుంది. దారి కోసమని అధిక వేడిలో కాల్చిన దట్టమైన పేవరే కావాలి. ఇక పార్కింగ్ టైల్స్ పేరుతో అమ్మే పలుచని సెరామిక్ పలకలకు అడుగున పూర్తి కాంక్రీటు బెడ్ వేయాల్సి వస్తుంది, అంటే ఒక చుక్క నీరు కూడా భూమిలోకి ఇంకదు. ఆకాశం కిందున్న దారికి అవి తగవు.

3. రంగు, ముఖం

కొత్త బూడిద రంగు కాంక్రీటు తన మీద పడ్డ ఎండలో 35 నుంచి 40 శాతాన్ని వెనక్కి పంపేస్తుంది. ఏళ్లు గడిచి మట్టి పట్టాక అది 20, 30 శాతానికి దిగుతుంది. కొత్త తారు రోడ్డు 5 నుంచి 10 శాతమే పంపుతుంది. దీన్నిబట్టి లేత రంగుదే మేలని తెలుస్తుంది. అయినా పాలతెలుపు దాకా వెళ్లకండి. ఎదురుగా ఉన్న గోడకు, కిటికీకి ఆ ఎండంతా తిరిగి కొడుతుంది, కళ్లు నిలవవు, ఒక్క ఇంజిన్ ఆయిల్ చుక్క పడినా ఆమడ దూరం నుంచి కనిపిస్తుంది. లేత బూడిద, గంధం రంగు, ఇసుక రంగు మన ఎండకు సరైన నడిమి దారి. కారు నిలిపే రెండు మీటర్ల మేర మాత్రం ఒక ఛాయ ముదురు రంగు వేస్తే నూనె మరకలు, టైరు గుర్తులు కలిసిపోతాయి. పైన కారు నీడ ఉంటుంది కాబట్టి వేడి కూడా పెద్దగా పెరగదు.

రంగు పేవర్లు తీసుకుంటే వాడిన రంగు ఐరన్ ఆక్సైడా అని అడగండి. ఆ జాతి రంగులు ఎండకు తట్టుకుంటాయి; చవక రంగులు ఒకటి రెండు వేసవుల్లో వెలిసిపోతాయి. అడగడంతో ఆగకుండా ఒక దిమ్మెను పగలగొట్టించి, రంగు పొర ఎంత లోతు ఉందో కళ్లారా చూడండి.

4. మందం, గట్టిదనం

కాంక్రీటు పేవర్లకు భారతీయ ప్రమాణం ఐఎస్ 15658. దాని తొలి పట్టిక ప్రకారం తేలికపాటి రాకపోకలకు 60 మిల్లీమీటర్ల మందం, ఎం-35 గ్రేడు; మధ్యరకం రాకపోకలకు 80 మిల్లీమీటర్లు, ఎం-40 గ్రేడు (ఎం పక్కన అంకె పెరిగేకొద్దీ కాంక్రీటు అంత గట్టిదని అర్థం). ఒకటి రెండు కార్లు మాత్రమే తిరిగే ఇంటికి 60 చాలు. నీళ్ల ట్యాంకరు లోపలికి వచ్చే ఇల్లయితే (మన ఊళ్లలో వేసవిలో ఇది మామూలే) తప్పకుండా 80 వేయించండి. 50 మిల్లీమీటర్లవి నడకదారికి.

దుకాణంలోనే చేయగల పరీక్ష ఒకటుంది. 200 మిల్లీమీటర్ల పొడవు, 100 వెడల్పు, 80 మందం ఉన్న దిమ్మెను తూకం వేస్తే మూడున్నర కిలోలకు తగ్గకూడదు. తగ్గిందంటే లోపల గుల్ల ఉందన్నమాట. రెండు దిమ్మెలను ఒకదానితో ఒకటి తాటిస్తే ఖంగుమనాలి. చప్పటి మోత వచ్చినా, అంచు గోటికి రాలినా ఆ సరుకు వద్దు. ఎప్పుడు పోశారో, ఎన్ని రోజులు తడిపారో కూడా అడగండి. వేసవిలో పోసి రెండు రోజులు నీళ్లు చల్లి లారీకెక్కించిన పేవరు చూపుకు బాగానే ఉంటుంది గాని, ఏడాది తిరిగేసరికి ముఖం ఇసుకగా రాలుతుంది.

5. అమరికను అందం కోసమే చూడకండి

కారు దారిలో పేవర్లను చెదరగొట్టేది బరువు కంటే ఎక్కువగా చక్రం మెలిక, బ్రేకు తోపు. స్టీరింగ్ తిప్పిన ప్రతిసారీ టైరు కింది దిమ్మెను పక్కకు నెడుతుంది. హెరింగ్‌బోన్ అమరికలో, అంటే దీర్ఘచతురస్రపు దిమ్మెలను చేపముల్లు ఆకారంలో ఒకదానికొకటి అడ్డంగా పేర్చినప్పుడు, ఏ దిక్కు నుంచి తోసినా ఆ తోపు ఇరుగుపొరుగు దిమ్మెలకు పంచుకుపోతుంది. గోడకట్టు వరుస పద్ధతిలో పొడవాటి అతుకులు దారి పొడవునా సాగితే ఆ గీత వెంబడి దిమ్మెలు జరుగుతాయి. ఆ అమరికే కావాలంటే అతుకులు కారు నడిచే దిశకు అడ్డంగా ఉండాలి. జిగ్‌జాగ్ పేవర్లు బాగానే పట్టుకుంటాయి. వృత్తాలు, పూల నమూనాలు చక్రం తిరగని మూలలకు ఉంచండి. ర్యాంపు ఉంటే హెరింగ్‌బోన్ తప్ప వేరే ఆలోచన వద్దు, పరచడం కూడా పల్లపు వైపు నుంచి మొదలుపెట్టి పైకి రావాలి.

వేడి తగ్గించే అమరికల్లో నాకు అన్నింటికంటే నచ్చినది చక్రాల బాట. దారంతా కప్పకుండా, రెండడుగుల వెడల్పున్న రెండు పట్టీలను చక్రాలు నడిచే చోట మాత్రమే పేవర్లతో వేసి, నడుమ గడ్డి గాని గులకరాళ్లు గాని ఉంచడం. ఎండ తాగే రాతి విస్తీర్ణం సగానికి సగం పడిపోతుంది, వాన నీరు అక్కడికక్కడే ఇంకుతుంది, ఖర్చూ తగ్గుతుంది. వేసవిలో గడ్డికి నీళ్లు పెట్టలేని ఊళ్లలో గులకరాళ్లే నయం. పట్టీల మధ్య దూరాన్ని కాగితం మీద లెక్కకట్టకుండా, మీ కారును నిలబెట్టి చక్రాల దగ్గర సుద్దతో గీతలు గీసి నిర్ణయించండి.

మన ఇళ్లకు మరొక అవసరం ఉంది. పేవర్ల అంచులు కొద్దిగా చెక్కి ఉంటాయి కాబట్టి వాటి మీద ముగ్గు గీత తెగిపోతుంది, చుక్కలు సందుల్లో పడిపోతాయి. గేటుకు ఆనుకుని నాలుగడుగుల మేర లెదర్ ఫినిష్ (మెరుపు లేకుండా, తోలులా కాస్త గరుకుగా ఉండే ముఖం) బూడిద గ్రానైటును, అడుగున కాంక్రీటు వేసి, ఒకే మట్టంగా పరిపించండి. పొద్దున్నే కల్లాపి చల్లి ముగ్గు పెట్టే చేతికి ఆ నాలుగడుగులు ఎంత విలువైనవో ఇల్లు కట్టేవారు ముందుగా ఆలోచించరు.

6. నమూనాలను మీ వాకిట్లోనే తేల్చండి

మూడు నాలుగు రకాల దిమ్మెలను, ఒక్కొక్కటి నాలుగైదు చొప్పున తెచ్చి, దారి రాబోయే చోటనే ఉదయాన్నే ఎండలో పెట్టండి. మధ్యాహ్నం రెండు, మూడు గంటల మధ్య ఒక్కొక్క దాని మీద అరచేయి ఆనించి అయిదు అంకెలు లెక్కపెట్టండి. చెయ్యి నిలవని దాని మీద పసిపిల్లల పాదం నిలవదు. సాయంత్రం ఏడింటికి మళ్లీ ముట్టుకోండి. అప్పటికీ వెచ్చగా ఉన్నది రాత్రి ఆ వేడిని మీ పడకగది కిటికీ వైపే వదులుతుంది. ఆ తరువాత బిందెడు నీళ్లు పోసి, తడి కాలితో నడిచి జారుడు చూడండి. ఆరిన ఒక దిమ్మెను తూచి, ఇరవై నాలుగు గంటలు నీళ్లలో నానబెట్టి, పైతడి తుడిచి మళ్లీ తూచండి. బరువు నూటికి ఆరు పాళ్ల కంటే పెరిగితే అది నీళ్లు ఎక్కువగా తాగే రకం. ఇలా చూసుకున్నాక పేరు, ధర, రంగు గురించి ఎవరు ఏం చెప్పినా మీకు తడబాటు ఉండదు.

7. మేస్త్రితో ముందే మాట్లాడుకోవలసినవి

దిమ్మెను ఎంత బాగా ఎంచుకున్నా, దాన్ని సిమెంటు మాలు మీద అతికించి సందుల్లో తెల్లసిమెంటు నింపితే ఎంపికంతా వృథా. మనవైపు చాలామంది ఇలాగే చేస్తారు, ఇలా చేస్తేనే గట్టి అని నమ్ముతారు. కాంక్రీటు ఎండకు సాగుతుంది: పది మీటర్ల దారి 30 డిగ్రీల తేడాకు దాదాపు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. సందుల్లో ఇసుక ఉంటే ఆ పెరుగుదల ఎవరికీ తెలియకుండా వాటిలో సర్దుకుంటుంది. సిమెంటు ఉంటే ఎక్కడో ఒకచోట పగిలి లేస్తుంది, నీరు ఇంకే దారి కూడా మూసుకుపోతుంది.

కాబట్టి అడుగున చదును చేసి రోలరుతో తొక్కించిన గ్రావెల్ లేదా వెట్ మిక్స్ (కంకర, రాతిపొడి నీళ్లతో కలిపిన మిశ్రమం) కనీసం 150 మిల్లీమీటర్లు, దానిపై దొడ్డు ఇసుక 30 మిల్లీమీటర్లు, ఆపైన పేవరు, దిమ్మెల మధ్య 2 నుంచి 4 మిల్లీమీటర్ల సందు ఉండాలని కాగితం మీద రాయించుకోండి. నల్లరేగడి అయితే మరో అడుగు లోతు తవ్వి, మొరాన్ని పొరలు పొరలుగా తడిపి తొక్కించాలి. ఇసుక పొర కోసం క్రషర్ డస్ట్ (కంకర మిల్లులో మిగిలే రాతిపొడి) వద్దు. అందులోని మెత్తని పొడి నీటిని పట్టి ఉంచి దిమ్మెలను కుంగదీస్తుంది. కడిగిన రోబో సాండ్ (రాయిని యంత్రంలో నలగగొట్టి చేసిన ఇసుక) పరవాలేదు. రెండు అంచులా కాంక్రీటులో పాతిన కర్బు రాయి ఉండాలి, అది లేకపోతే హెరింగ్‌బోన్ కూడా పక్కలకు విచ్చుకుంటుంది. వాలు నూటికి రెండు, అంటే పది అడుగుల వెడల్పుకు రెండున్నర అంగుళాల కంటే కాస్త తక్కువ.

సరుకు లెక్క సులువు. 200 బై 100 దిమ్మెలు చదరపు మీటరుకు 50 పడతాయి. ముందు చెప్పిన 28 చదరపు మీటర్ల దారికి 1400, కోతలకు మరో 70. ఏటవాలు హెరింగ్‌బోన్‌కు కోతలు ఎక్కువ కాబట్టి ఇంకొంచెం కలుపుకోండి. ఇరవై దిమ్మెలు మిగుల్చుకుని మేడమీద దాచండి. అయిదేళ్ల తరువాత అదే ఛాయ మళ్లీ దొరకదు.

పరిచాక ప్లేట్ వైబ్రేటరుతో కుదించి, బాగా ఆరిన సన్న ఇసుకను చీపురుతో సందుల్లోకి ఊడ్చి మళ్లీ కుదించాలి. తడి ఇసుక సందులోకి దిగదు, అందుకే ఈ పని తొలకరికి ముందే ముగించుకోవడం మంచిది. నెల తరువాత సందులు కొంత దిగుతాయి. మరొకసారి ఇసుక ఊడ్చండి. మొదటి నెలల్లో దిమ్మెల మీద తెల్లటి పొడి తేలితే కంగారుపడి యాసిడ్ పోయకండి. అది కాంక్రీటులోంచి వచ్చే సున్నం. పొడి బ్రష్‌తో రుద్దుతూ ఉంటే, రెండు మూడు వానలు పడ్డాక తగ్గిపోతుంది.