పాలెట్ బెంచీ ఊగుతోందా? స్క్రూ బిగించే ముందు ఇవి చూడండి

కృష్ణపట్నం పోర్టు దారిలో గోడౌన్ల దగ్గర, చీమకుర్తిలో గ్రానైట్ లోడ్లు కట్టే చోట పాత పాలెట్లు (సరుకు కింద వేసే చెక్క బల్లలు), పెట్టెల చెక్క దొరుకుతాయి. అందుకే మన వైపు మిద్దెల మీద, పెరళ్లలో పాలెట్ బెంచీలు బాగానే కనిపిస్తున్నాయి. పాలెట్ విప్పడం, మేకులు పీకడం, ఎమరీ పట్టడం మీకు వచ్చనుకునే రాస్తున్నాను. బెంచీ చేసిన ఏడాదిలోపు ఏమేం చెడతాయో, ఎందుకు చెడతాయో చూద్దాం.

కూర్చుంటే ఊగుతోంది

ముందు నేల చూడండి. నీళ్లు పోవడానికి మిద్దెకు వాటం ఇస్తారు కదా, నాలుగు కాళ్లూ ఒక్కలా ఆనవు. బెంచీని రెండడుగులు జరిపి, అడ్డంగా తిప్పి మళ్లీ కూర్చోండి. ఊగడం ఆగిందంటే తప్పు నేలది, కాలి కింద రబ్బరు ముక్క పెడితే సరిపోతుంది. ఈ ఒక్క పని చేయకుండా కాళ్లు కోసేసి మంచి బెంచీలను పాడుచేసుకున్న వాళ్లను చాలామందిని చూశాను. దయచేసి రంపం తీసే ముందు జరిపి చూడండి.

నేల బాగానే ఉంటే, కాలూ సీటూ కలిసే చోట వేలు ఆనించి ఇంకొకరిని బెంచీ ఊపమనండి. వేలి కింద రెండు చెక్కలూ వేరువేరుగా కదిలితే ఆ అతుకే వదులు. అక్కడ ఒట్టి మేకులే ఉంటే తీసేసి, ఆరపార బెజ్జం వేసి, రెండు వైపులా వెడల్పు వాషర్లతో 8 మి.మీ. బోల్టు బిగించండి. కాళ్ల మధ్య ఏటవాలుగా ఒక పట్టీ కొట్టండి.

బోల్టులు వేసినా, ఎండాకాలం రాగానే మళ్లీ వదులు

నన్ను బాగా దెబ్బతీసింది ఇదే. ఒక ఏడాది కార్తీక మాసంలో నెల్లూరు మూలాపేటలో మా అక్క వాళ్ల మిద్దె మీదికి రెండు బెంచీలు చేశాను. రాయిలా ఉన్నాయి. ఏప్రిల్లో బావ ఫోన్ చేశాడు, ‘వీపు పలక కదులుతోంది రా’ అని. వెళ్లి స్క్రూలు బిగించాను. మేలో మళ్లీ ఫోన్. మళ్లీ బిగిస్తే ఈసారి స్క్రూలు పట్టు లేకుండా తిరిగాయి. కూర్చుని ఒక బోల్టు దగ్గరగా చూశాను. వాషర్ వేలితో తోస్తే గిరగిరా తిరుగుతోంది. దాని కింద చెక్కలో దిగిన గుండ్రటి గుర్తు అలాగే ఉంది, వాషర్‌కీ ఆ గుర్తుకీ మధ్య పోస్టుకార్డు దూరేంత సందు. నట్టు కదల్లేదు. చెక్కే సన్నబడింది.

మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ రోజుల్లో బయట పడి ఉన్న పాలెట్ లోపలిదాకా నీళ్లు తాగి ఉంటుంది. రెండు రోజులు ఎండ తగిలితే పైన తెల్లబడుతుంది, పొడిగా అనిపిస్తుంది, లోపల తడి అలాగే ఉంటుంది. చెక్క పొడవులో దాదాపు తగ్గదు, అడ్డంలో తగ్గుతుంది. బాగా తడిసిన 100 మి.మీ. పైన్ పలక ఎండితే 3, 4 మి.మీ. దాకా తగ్గిపోతుంది. మళ్లీ వానలు పడితే ఉబ్బి అతుకు బిగుస్తుంది. అందుకే డిసెంబరులో చూసిన వాళ్లు ‘బాగైపోయింది’ అనుకుంటారు, ఎండలకు మళ్లీ మొదలు.

నేను మోసపోయింది పాలెట్ మీది ముద్రతో. గోధుమ కంకి బొమ్మ పక్కన హెచ్‌టీ అని ఉంటే ఆరబెట్టిన చెక్క అనుకున్నాను. హెచ్‌టీ అంటే చెక్క నడిమి దాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు తగిలిందని, లోపలి పురుగు చచ్చిందని. తేమ పోయిందని కాదు. ఆరబెట్టిన దానికి కేడీ అని కూడా వేస్తారు, అదైనా తర్వాత వానలో తడిస్తే మళ్లీ తడి చెక్కే.

కాబట్టి కోయకముందే తూకం వేయండి. రెండు మూడు పలకలు కాటా మీద పెట్టి, బరువు పలక మీదే పెన్సిల్‌తో రాయండి. నీడలో, వరుసకూ వరుసకూ మధ్య పుల్లలు పెట్టి గాలి ఆడేలా పేర్చండి. వారానికోసారి తూచండి. రెండు వారాలు వరసగా బరువు మారకపోతే ఆరినట్టు. తొందరపడి నడి ఎండలో పరిస్తే కొసలు పగులుతాయి. కాటా లేకపోతే ఒక పలకను మధ్యకు కోసి, కోత ముఖాన్ని చెంపకు ఆనించండి. చల్లగా తగిలిందా, ఇంకా తడి ఉంది.

ఇప్పటికే చేసేసి ఉంటే వానల్లో ముట్టుకోకండి. మే నెలలో, చెక్క బాగా ఎండినప్పుడు బోల్టులన్నీ ఒకసారి బిగించండి. పట్టు పోయిన స్క్రూ బెజ్జంలో వెదురు పుల్లను నీళ్లకు తట్టుకునే జిగురులో ముంచి దిగ్గొట్టి, ఒక రోజు ఆగి, సన్న బెజ్జం వేసి కొత్త స్క్రూ ఎక్కించండి. సీటు పలకలు ఎండినవైతే మధ్య 5 మి.మీ. సందు వదలండి, వానకు ఉబ్బడానికి చోటు కావాలి.

రంగు బుడగలు వచ్చి లేస్తోంది

తడి చెక్క మీద వేసి ఉంటారు. లేదా బెంచీని తిరగేసి కాళ్ల అడుగు చూడండి, అక్కడ రంగు వేసేవాళ్లు తక్కువ. కోత ముఖం నీళ్లను పీల్చి పైకి లాగుతుంది. గీకి, ఆరనిచ్చి, అడుగుకు ప్రైమర్ రెండు మూడు కోట్లు తాగించి తర్వాత రంగు వేయండి.

కాలి దిమ్మె పొట్టులా రాలుతోంది

అది చెక్క కాదు, పొట్టు నొక్కి చేసిన దిమ్మె. నీళ్లు తగిలితే ఉబ్బి విడిపోతుంది. మార్చడమే, వేరే దారి లేదు.

మేకు చుట్టూ తుప్పు, నల్ల చారలు

మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే చోట మామూలు ఇనుము నిలవదు. స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలు వాడండి, తీరం పక్కనే అయితే 316 గ్రేడు అడగండి.

మిగతావి

మట్టి గీతలు పాకుతుంటే చెద నేల నుంచి ఎక్కుతోంది, కాళ్ల కింద రాయి పెట్టండి. ముద్రలో ఎంబీ అని (మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారని గుర్తు) ఉన్నా, చెక్కకు నూనె మరకో ఘాటు వాసనో ఉన్నా ఆ పాలెట్ తీసుకోకండి. ఇంటికి తెచ్చేసి ఉంటే పొయ్యిలో మాత్రం పెట్టకండి.