పాత థీసిస్‌లు వెతకడం, చదవడం, దాచుకోవడం: తెలుగు పరిశోధక విద్యార్థుల కోసం

పీహెచ్‌డీలో చేరగానే గైడ్ అడిగే మొదటి ప్రశ్న "దీని మీద ఇంతకుముందు ఎవరెవరు చేశారు?" అనే. జవాబు కోసం ముందు చూడాల్సింది శోధగంగ. గాంధీనగర్‌లోని యూజీసీ సంస్థ ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే ఈ సైట్లో దేశంలోని విశ్వవిద్యాలయాల థీసిస్‌లు ఉచితంగా చదువుకోవచ్చు. ఒకసారి వెతికి ఏమీ రాకపోతే "ఈ అంశం మీద ఎవరూ చేయలేదు" అని సినాప్సిస్‌లో (పరిశోధన మొదట్లో ఇచ్చే ప్రణాళికలో) రాసేయకండి. చాలాసార్లు తేడా స్పెల్లింగ్‌లోనే ఉంటుంది.

తెలుగు థీసిస్‌ల పేర్లు కొన్ని తెలుగు లిపిలో, కొన్ని ఇంగ్లిషు అక్షరాల్లో ఎక్కాయి. ఇంగ్లిషులో ఎవరి స్పెల్లింగ్ వారిది. గురజాడను ఒకరు 'జే'తో రాస్తే ఇంకొకరు 'జెడ్'తో రాస్తారు. వీరేశలింగంలో 'వీ'కి కొందరు రెండు 'ఈ'లు పెడతారు, కొందరు ఒక్క 'ఐ'తో సరిపెడతారు. అందుకని ప్రతి పేరునూ తెలుగులో ఒకసారి, ఇంగ్లిషులో మూడు నాలుగు రకాలుగా వెతకాలి. ఇంతకన్నా నమ్మకమైన దారి సెర్చ్ పెట్టెను వదిలేయడమే. ముందు విశ్వవిద్యాలయం, తర్వాత శాఖ ఎంచుకుని జాబితా మొత్తం కిందికి చదువుకుంటూ పోండి. ఉస్మానియా, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర, కాకతీయ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీల తెలుగు శాఖలు వరసగా చూడటం విసుగు పనే, కానీ సెర్చ్‌కు చిక్కనివి ఇక్కడే బయటపడతాయి. ఇంకా పూర్తికాని పరిశోధనల సినాప్సిస్‌లు శోధగంగోత్రిలో ఉంటాయి. అదీ ఒకసారి చూస్తే మీ టాపిక్ మీద ఇంకెవరైనా పనిచేస్తున్నారేమో తెలుస్తుంది.

థీసిస్ సాధారణంగా ఒకే ఫైలుగా రాదు, అధ్యాయాల వారీగా విడివిడి పీడీఎఫ్‌లుగా ఉంటుంది. ముందు ఉపయుక్త గ్రంథసూచి, తర్వాత ముగింపు దించుకోండి. ఆ రెండూ చూశాక మిగతావి అవసరమో కాదో తేలిపోతుంది. దాదాపు ప్రతి థీసిస్‌లోనూ ఫైళ్ల పేర్లు ఒకేలా ఉంటాయి కాబట్టి దించిన వెంటనే "పరిశోధకుడి పేరు, ఏడాది, అధ్యాయం" అని పేరు మార్చండి. రేపు మారుద్దామనుకుంటే ఏ ముగింపు ఎవరిదో తెలియని ఫైళ్లు పాతిక మిగులుతాయి.

అసలు చిక్కు ఫైలు తెరిచాక మొదలవుతుంది. తెరమీద తెలుగు చక్కగా కనిపిస్తుంది, వెతికితే ఒక్క మాటా దొరకదు, కాపీ చేసి అతికిస్తే అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ వస్తాయి. అది అను వంటి, యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ గుర్తించే అక్షర సంకేతాలు) కాని ఫాంట్లలో టైప్ చేసినది. అతికించిన పాఠాన్ని అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్‌లో వేస్తే చాలావరకు దారిన పడుతుంది. అసలు కాపీయే కాకపోతే అది స్కాన్ చేసిన బొమ్మ. అప్పుడు కావలసిన పేజీలు మాత్రం విడదీసి (పదేసి పేజీలు చాలు) గూగుల్ డ్రైవ్‌లో ఎక్కించి, గూగుల్ డాక్స్‌తో తెరవండి, బొమ్మలోని అక్షరాలు పాఠంగా మారతాయి. ఫైలు 2 ఎంబీ దాటితే సరిగా పనిచేయకపోవచ్చు. వచ్చిన పాఠంలో వత్తులు ఊడిపోతాయి, ధ, థలు తారుమారవుతాయి. వెతుక్కోవడానికి అది చాలు. ఉటంకించేటప్పుడు మాత్రం అసలు పేజీ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూడాల్సిందే.

జర్నల్ వ్యాసాలకు 2025 జనవరి 1 నుంచి 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' అనే కేంద్ర ప్రభుత్వ పథకం అమల్లో ఉంది. 30 మంది ప్రచురణకర్తల దాదాపు 13,000 జర్నళ్లు ప్రభుత్వ విద్యాసంస్థల వారికి అందుబాటులోకి వచ్చాయి. అయినా హాస్టల్లో మొబైల్ డేటాతో తెరిస్తే డబ్బు కట్టమని అడుగుతుంది. మీరు ఏ సంస్థవారో క్యాంపస్ నెట్‌వర్క్ చిరునామాను బట్టే ప్రచురణకర్త సైటు గుర్తిస్తుంది మరి. క్యాంపస్ వైఫైలో తెరవండి. ఇంటి నుంచి చదవాలంటే లైబ్రరీలో ఇన్‌ఫెడ్ లాగిన్ అడిగి తీసుకోండి.

దించినవన్నీ జొటెరోలో (ఆధారాల వివరాలు దాచి, గ్రంథసూచి తయారుచేసి ఇచ్చే సాఫ్ట్‌వేర్) పెట్టుకోండి. ఉచితమే. ఆన్‌లైన్లో ఫైళ్లకు ఇచ్చే చోటు 300 ఎంబీయే, స్కాన్ పీడీఎఫ్‌లు నాలుగైదు పడితే నిండిపోతుంది. అందుకని వివరాలను మాత్రం సింక్ చేసి, ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోనో గూగుల్ డ్రైవ్‌లోనో వేరుగా దాచండి. థీసిస్‌కు ఒకే ఎంట్రీ చేసి, అధ్యాయాలన్నీ దాని కిందే అతికించాలి. మన పేర్ల దగ్గర మాత్రం జొటెరోను నమ్మకండి. 'కె. శ్రీనివాస రెడ్డి' అని విడివిడి మాటలుగా ఉంటే చివరి 'రెడ్డి'నే ఇంటిపేరు అనుకుంటుంది. గ్రంథసూచిలో రెడ్డులంతా ఒకచోట చేరిపోతారు. ఇంటిపేరు ముందా, వ్యక్తి పేరు ముందా అన్నది గైడ్‌తో మొదటి వారమే తేల్చుకుని, ప్రతి ఎంట్రీనీ చేత్తో దిద్దండి.

మీ థీసిస్‌ను మొదటి పేజీ నుంచే యూనికోడ్‌లో టైప్ చేయండి. జొటెరో ఇచ్చే ఆధార సూచికలు అను ఫైల్లో ఇమడవు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం సారూప్యత (మీ రాత ఇతరుల రాతలతో కలిసే మేర) 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 వరకు ఉంటే ఆరు నెలల్లోపు దిద్ది మళ్లీ ఇవ్వాలి. ఆధారం చూపిన ఉటంకింపులూ గ్రంథసూచీ లెక్కలోకి రావు. రిపోర్టు తీసేటప్పుడు వాటిని మినహాయించారో లేదో లైబ్రరీలో అడగండి. సమర్పణకు కనీసం రెండు నెలల ముందు డ్రాఫ్టు ఇస్తే, దిద్దుకోవడానికి వ్యవధి ఉంటుంది.