నీళ్లలో నిలకడ రావాలంటే ముందు బరువు చూసుకోండి

మాది నెల్లూరు, ఉద్యోగం చెన్నైలో. స్కూబా కోర్సులో స్విమ్మింగ్ పూల్ దాకా బాగానే సాగింది. ఈసీఆర్ (తీరం వెంట సాగే రోడ్డు) మీదుగా పుదుచ్చేరి వెళ్లి సముద్రంలో దిగాక మాత్రం ఒక్కచోట నిలవడం నా వల్ల కాలేదు. పైకి తేలిపోతే బీసీడీలోంచి (బటన్ నొక్కి గాలి నింపుకునే, వదిలే జాకెట్) గాలి వదలడం, కిందికి జారితే నింపడం, డైవంతా ఇదే పని. తప్పు బటన్ నొక్కడంలో ఉందనుకున్నాను. అసలు తప్పు మునగడానికి నడుముకు కట్టుకున్న సీసం బరువుల్లో ఉంది. భయంతో పది కిలోలు అడిగి కట్టించుకున్నాను. నాకు ఆరు చాలు.

బరువు ఎక్కువైతే బీసీడీలో గాలీ ఎక్కువ నింపాలి. ఆ గాలి లోతును బట్టి ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. పది మీటర్ల దగ్గర ఒత్తిడి పైనున్న దానికి రెట్టింపు, అంటే గాలి సగానికి తగ్గిపోతుంది. కాస్త పైకి జరిగితే అది ఉబ్బి మిమ్మల్ని ఇంకా పైకి లాగుతుంది. నింపింది తక్కువైతే లాగడమూ తక్కువే.

అందుకని డైవ్ చివర, సిలిండర్‌లో గాలి ఒత్తిడి 50 బార్ ఉండగా, నీటిపైన నిటారుగా ఉండి బీసీడీ పూర్తిగా ఖాళీ చేయండి. రెగ్యులేటర్ (సిలిండర్ గాలి పీల్చుకునే పరికరం) నోట్లోనే ఉండాలి, కాళ్లు ఆడించకూడదు. మామూలుగా ఊపిరి తీసుకుని ఒక్క క్షణం ఆగితే నీళ్లు కళ్ల మట్టానికి రావాలి, ఊపిరి వదిలితే మెల్లగా మునగాలి. వదలకముందే మునిగితే ఒక కిలో తీసి మళ్లీ చూడండి. నిండు సిలిండర్‌తో చూస్తే మాత్రం రెండు కిలోలు కలుపుకోవాలి, డైవ్‌లో మనం పీల్చేసే గాలి బరువు దాదాపు అంత. పూల్‌లో సరిపోయిన బరువు సముద్రానికి చాలదు. ఉప్పునీరు ఎక్కువ తేలుస్తుంది. నాకు పూల్‌లో నాలుగే.

ఇక శ్వాస. దీనికి నాకు నాలుగు ఆదివారాలు పట్టింది. పూల్ అడుగున బోర్లా పడుకుని, ఫిన్ల (కాళ్లకు తొడుక్కునే తెడ్ల) కొసలు మాత్రం నేలకు ఆనించి, నెమ్మదిగా పీల్చండి. వెంటనే లేవరు, రెండు మూడు సెకన్లు పడుతుంది. ఈ ఆలస్యం తెలియకే టెన్షన్ పడి బటన్ నొక్కేస్తాం. లేవడం మొదలవగానే వదలడం మొదలుపెట్టండి. నీళ్లలోకి దిగేముందు మా ట్రైనర్ ప్రతిసారీ తమిళంలో "మూచ్చు విడుంగ" అనేవారు, ఊపిరి వదలండి అని. కింద ఊపిరి ఎప్పుడూ బిగబట్టకండి. బిగబట్టి పైకి వస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

పైకి వచ్చేటప్పుడు బీసీడీ గాలిని కొంచెం కొంచెంగా వదులుతూ రండి. భద్రత కోసం ఐదు మీటర్ల లోతు దగ్గర మూడు నిమిషాలు ఆగే చోట మీ నిలకడ ఎంతో తెలుస్తుంది. పోయిన నెల అక్కడ లోతు చూపే నా డైవ్ కంప్యూటర్ 4.8కీ 5.2 మీటర్లకీ మధ్యే ఉంది. చెయ్యి బటన్ మీదికి పోలేదు.