కోమి-పెర్మ్యాక్‌లో ‘నేను టీచర్ని’ ఎందుకు తేడా కొడుతుంది?

రష్యాలోని పెర్మ్ ప్రాంతపు భాష ఇది. క్రియల పట్టిక వచ్చినవాళ్లు కూడా ‘ఆయన టీచర్’ దగ్గర తప్పు రాస్తారు. పట్టిక తీసేముందు ఒక్కటి చూడండి: వాక్యంలో పని ఉందా, లేక ఎవరు, ఎలాంటివారు అని మాత్రమే చెబుతున్నారా? ఇది చూడరు, అదే తలనొప్పి. (ఈ భాషలో నాలుక మధ్యలో పలికే అచ్చు ఒకటుంది. దాన్నీ ఇక్కడ ‘ఒ’ అనే రాస్తున్నా.)

సమస్య: ‘ఆయన టీచర్ కాదు’ అనడానికి ‘ఒజ్’ వాడారు, తప్పన్నారు.
కారణం: ఒగ్ మున్ (వెళ్లను), ఒన్ మున్ (వెళ్లవు), ఒజ్ మున్ (వెళ్లడు) మామూలు క్రియలకే.
పరిష్కారం: సియా (ఆయన) అబు వెలొతిశ్ (టీచర్). మన ‘కాదు’, ‘లేదు’ రెండిటికీ అబు ఒక్కటే. బహువచనంలో అబుఒశ్.

సమస్య: వాక్యం సరిగ్గానే ఉన్నట్టుంది, అర్థం మాత్రం మారిపోయింది.
కారణం: ఇది మన తెలుగు అలవాటు. ‘టీచర్ని, టీచర్‌వి, టీచర్లం’ అని నామవాచకానికే పురుషను తగిలిస్తాం. అందుకే చెయ్యి ఊరుకోదు. మునొ అంటే ‘వెళ్తాడు’ కదా అని, అదే ‘ఒ’ తీసుకెళ్లి వెలొతిశ్‌కి అతికిస్తారు. సియా వెలొతిశొ! కానీ నామవాచకం చివర ఆ ‘ఒ’ అంటే ‘నా’. విన్నవాళ్లకి ‘ఆయన నా టీచర్’ అని చేరుతుంది. వాక్యం విరగదు కాబట్టి ఎవరూ దిద్దరు, తప్పు నెలల తరబడి అలాగే నడుస్తుంది. ‘ఇత్’ తగిలిస్తే ‘నీ టీచర్’ అవుతుంది.
పరిష్కారం: వర్తమానంలో ఏమీ తగిలించకండి. మె (నేను) వెలొతిశ్, తె (నువ్వు) వెలొతిశ్, సియా వెలొతిశ్. అంతే. విశేషణానికి మాత్రం బహువచనంలో ‘ఒశ్’ వస్తుంది: నియా బురొశ్, ‘వాళ్లు మంచివాళ్లు’. అక్కడ కూడా పురుష లేదు, సంఖ్య మాత్రమే.

సమస్య: భూతకాలంలో ‘ఆయన టీచర్‌గా ఉండేవాడు’ అనడానికి ‘వొలిస్’ అని రాశారు.
కారణం: మునిస్ (వెళ్లాడు) చూసి అల్లుకున్నారు.
పరిష్కారం: ‘నేను’కీ ‘అతను’కీ కూడా వొలి. ‘నువ్వు’కి వొలిన్. భవిష్యత్తుకి మాత్రం ‘లొనీ’ (అవ్వడం) మామూలు క్రియలాగే నడుస్తుంది: లొఅ, లొఅన్, లొఅస్.

నామవాచకం బహువచనానికి ‘యస్’ వచ్చిందా? జిర్యాన్ కోమి (దీనికి దగ్గరి సోదర భాష) పుస్తకం చూసుంటారు. పెర్మ్యాక్‌లో ‘ఎజ్’. పుస్తకం మార్చండి.