సముద్రం అడుగు పైపులో మైనం: పిగ్ ఏ వరసలో పంపాలి

లోతైన సముద్రం అడుగున నీళ్లు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటాయి. బావిలోంచి వేడిగా వచ్చిన ముడి చమురు అక్కడ చల్లారేకొద్దీ, అందులో కరిగి ఉన్న మైనం పైపు లోపలి గోడకి పట్టుకుంటుంది. 2024 జనవరిలో చమురు మొదలైన కాకినాడ తీరపు కేజీ-98/2 క్షేత్రంలోనూ ఇదే బెడద; అందుకే చమురు వేడి పోకుండా ఓఎన్‌జీసీ అక్కడ పైపులో పైపు పెట్టింది. గోడకి పట్టిన మైనాన్ని గీకడానికి పైపులోకి పంపే సాధనమే పిగ్; వెనక నుంచి వచ్చే చమురే దాన్ని ముందుకి తోస్తుంది.

మైనం ఏ ఉష్ణోగ్రత దగ్గర పలుకులు కట్టడం మొదలుపెడుతుందో ముందు కొలిపించండి. శాంపిల్‌ని 80 డిగ్రీల దాకా వేడిచేసి, పాత పలుకులన్నీ కరిగాకే చల్లబరచాలి. లేకపోతే రీడింగ్‌ని నమ్మలేం. ఇన్హిబిటర్‌ని, అంటే మైనం పేరుకోవడాన్ని తగ్గించే రసాయనాన్ని, చమురు ఆ ఉష్ణోగ్రతకి దిగకముందే, వెల్‌హెడ్ (బావి మూతి) దగ్గరే కలపాలి. అది తగ్గిస్తుందే తప్ప పూర్తిగా ఆపదు. పిగ్ పంపడం (పిగ్గింగ్) తప్పదు.

పిగ్ దిగబడేది ఎక్కువగా తొందరపాటు వల్లే. లెక్క చూడండి: లోపలి వ్యాసం 300 మిల్లీమీటర్లు, పొడవు 10 కిలోమీటర్లు ఉన్న లైన్‌లో 2 మిల్లీమీటర్ల పొర ఉంటే మైనం దాదాపు 19 ఘనపు మీటర్లు. బిగుతైన పిగ్ దాన్నంతా గీకి ముందుకు నెట్టుకుపోతే 265 మీటర్ల బిరడా తయారవుతుంది! అందుకే మొదట పైపు కంటే సన్నగా ఉండే మెత్తటి ఫోమ్ పిగ్ పంపాలి. అది ఇరుక్కున్నా నలిగి బయటపడే అవకాశం ఉంది. పిగ్ బయటికొచ్చే కొసన ఉండే రిసీవర్‌లో ఎంత మైనం వచ్చింది, వేలితో నొక్కితే దిగుతోందా లేదా చూశాకే తర్వాతి సైజు. చివర్లో బైపాస్ రంధ్రాలున్న డిస్క్ పిగ్: రంధ్రాల్లోంచి దూసుకెళ్లే చమురు గీకిన మైనాన్ని ఒకచోట గడ్డకట్టనివ్వకుండా ముందుకి చెదరగొడుతుంది.

ఎన్నాళ్లకోసారి? ఫ్లో మారకుండా ప్రెషర్ డ్రాప్ (లైన్ రెండు కొసల మధ్య ప్రెషర్ తేడా) పెరుగుతోందా అన్నది గమనించండి. వ్యాసం 5 శాతం తగ్గితే చాలు, డ్రాప్ పావు వంతు పైనే పెరుగుతుంది. ఆలస్యం చేస్తే పొరలోని నూనె బయటికి పోయి మైనం గట్టిపడుతుంది, గీకడం కష్టమవుతుంది.

పిగ్ వెనక ప్రెషర్ పెరుగుతూ ఫ్లో పడిపోతుంటే ఇంకా తోయకండి, బిరడా మరింత బిగుస్తుంది. ప్రెషర్ దించి, వీలున్న లైన్ అయితే అవతలి కొస నుంచి వెనక్కి నెట్టండి. ఉత్తర సముద్రంలోని స్టాఫా క్షేత్రాన్ని మైనం అడ్డంకుల వల్లే వదులుకోవాల్సి వచ్చింది.

ముందే తెలిసిన షట్‌డౌన్ అయితే, ఆపేముందే లైన్‌లోని చమురుని డీజిల్‌తో తోసేయండి. అలాగే వదిలేస్తే పైపంతా జెల్లీ కడుతుంది.